రెండు పిడుల దంతె

1

కార్తీకం రాగానే పీల్చుడు చెట్లు ఆకు వదలడం మొదలుపెట్టాయి. నిన్న వాకిలి ఊడ్చి పడుకున్నాను. పొద్దున్న తలుపు తీస్తే గడప దాకా ఆకులే. తోలులా మందంగా, అరచేతి కన్నా వెడల్పుగా ఉంటాయి. ఒక్కోటి రాలితే చప్పుడు వినబడుతుంది.

ఈ ఏడు పనిముట్లకి ఏమేం మార్పులు చేస్తానో ఈ పుస్తకంలో రాసి పెట్టుకోవాలనుకున్నాను. పోయిన ఏడు చేసినవి మరిచిపోయి మళ్లీ మొదటి నుంచీ తంటాలు పడ్డాను.

తోట ఆఫీసు వాళ్లిచ్చే దంతె ఇనుపది. బరువెక్కువ, కర్ర పొట్టి. పళ్లు నేలని గీరతాయి గానీ ఆకుని సరిగా పట్టవు. వంగి వంగి లాగితే సాయంత్రానికి నడుం నాది కాదన్నట్టుంటుంది. వాకిలీ, వెనక పెరడూ, కింద వాలూ కలిపి ఒక వాటా. ఆ వాటాలో ఆకంతా వాన పడేలోగా గుంతలో వేసి బంకమట్టితో మూసెయ్యాలి. తడిస్తే ఆకు వేడెక్కి, ఏడాదంతా చెట్టు మింగిన పొగ మళ్లీ బయటికి కక్కుతుంది. ఊదే యంత్రాలు తెచ్చిన ఏడు ఆకు పొడై గాలిలో తేలింది. కొండంతా దగ్గుతూ పండగ చేసుకుంది. అప్పటి నుంచీ చేతులతోనే. ఈ పని చేస్తామన్నాం కాబట్టే సముద్రం మా ఊళ్లని మింగాక మమ్మల్ని ఈ ఎత్తుకొండ మీద, ఈ చల్లని గాలిలో ఉండనిచ్చారు. వాటా ఊడవలేని వాళ్లు ఇల్లు ఖాళీ చేసి దిగిపోవాలి.

మా తమ్ముడు గురువులు దిగలేడు. కింద ఉప్పు మళ్లలో ఎండకి పనిచేసి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. ఇక్కడైతే అరుగు మీద కూర్చుని తాళ్లు పేనుతాడు, నాకు సలహాలిస్తాడు. వేసవిలో ఒకసారి పరీక్షలకని కిందికి తీసుకెళితే లారీలోనే పెదాలు నల్లబడ్డాయి.

సాయంత్రం పక్కింటి వరాలు గోడ మీదుగా పిలిచింది. అసలు పేరు వరహాలమ్మ. మేమిద్దరం ఒకే లారీలో ఈ కొండెక్కాం. ఆ లారీలో తన దగ్గరున్న అటుకుల మూట మా తమ్ముడికిచ్చి తను నీళ్లు తాగి వచ్చింది.

"ఒలే తవిటీ, ఈ ఏడు నా వొల్ల కాదే. రెక్క ఎత్తితే జబ్బకాడ కత్తెట్టి తిప్పినట్టుంటన్నాది."

"కొన్నాళ్లాగు. ఏదో ఒకటి సేస్తాను."

"ఏటి సేస్తావు? కొత్త రెక్క అతికిస్తావేటి?"

"రెక్క మార్చలేను గానీ కర్ర మారుస్తాను."

2

చేశాను.

పాత నీళ్ల గొట్టం ఒకటి పెరట్లో పడి ఉంది. తేలిక, పొడుగు. దాన్ని నడుమ కొంచెం వంచితే నిలబడే లాగొచ్చు. పొయ్యి దగ్గరికి తీసుకెళుతుంటే గురువులు ఆపాడు.

"ఇసక నింపకుండా కాల్చకప్పా. వంచిన కాడ నొక్కుకుపోద్ది."

ఇసక నింపి, రెండు చివర్లా గుడ్డలు కుక్కి, బొగ్గుల మీద మెల్లగా తిప్పుతూ వంచాను. బాగా వచ్చింది. ఇనుప పళ్లు తీసి పారేసి వెదురు బద్దలు చీల్చాను. చివర్లు సెగ చూపించి కొక్కెంలా వంచి, విసనకర్రలా పరిచి, తీగతో అల్లాను. వెదురు నేలని గీరదు, ఆకు మీద సాగుతుంది, మళ్లీ తన ఆకారానికి వస్తుంది.

అసలు సంగతి రెండో పిడి. మందు కొట్టే డబ్బా పిడి ఒకటి విరిగి ఉంటే దాన్ని గొట్టానికి అడ్డంగా, నడుముకి కాస్త కింద బిగించాను. సైకిలు ట్యూబు కోసి చుట్టాను. ఎడమ చెయ్యి అక్కడ పట్టుకుంటే కుడి చెయ్యి నడుం దాటి పైకి లేవక్కర్లేదు. బరువంతా నడుం లాగుతుంది.

వరాలుని గోడ పక్కన నిలబెట్టి, జబ్బ నొప్పి రానంత దాకా చెయ్యెత్తమని చెప్పి, అక్కడ బొగ్గుతో గీత పెట్టుకుని దాని కొలతకే చేశాను. దాని ఎత్తుకీ దాని చేతికీ సరిపోయే దంతె. నేను పట్టుకుంటే నాకే కుదరదు.

వరాలు తన వాకిట్లో నాలుగుసార్లు లాగి ఆగిపోయింది. ఎందుకాగావని అడిగాను.

"నొప్పి వస్తాదని సూస్తన్నాను" అంది. "రాలేదు."

3

ఇంకో రెండు పనిముట్లు చేశాను. చేటలు రెండు తీసుకుని వెనక తోలు పట్టీలు కుట్టాను. వాటిలో చేతులు దూర్చుకుంటే ఆకు కుప్పని రెండు చేతులా ఒక్కసారే ఎత్తొచ్చు. బరకం నోటికి సైకిలు రిమ్ము కుట్టేశాను. ఇప్పుడు నోరు తెరిచే ఉంటుంది. ఆకు నింపుకుని, తాడు నడుముకి కట్టుకుని వాలు మీద గుంత దాకా లాక్కెళ్లడమే. పోయిన ఏడు గంపలతో మోసి మెడలు వాచిపోయాయి.

నాకూ ఒక దంతె చేసుకున్నాను. భోజనాల వేళకి ఇద్దరి వాకిళ్లూ తేటగా కనిపించాయి. మునుపు పొద్దు వాలినా అయ్యేది కాదు.

అరుగు మీద కూర్చుని అంబలి తాగుతూ వరాలుతో చెప్పాను.

"ఆఫీసోలకి ఇవి కనపడనీకు. తొరగా అవుతన్నాదని తెలిస్తే ఇంకో వాటా తలకి సుట్టేస్తారు. ఆలొచ్చినప్పుడు ఇనప దంతె పట్టుకుని మూలుగు."

"మూలగడం నాకు నేర్పాలేటే" అని నవ్వింది. తరవాత నా చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. "ఎవులికీ సెప్పను. నా మీదొట్టు."

గురువులు తాడు పేనుతూ మా ఇద్దరినీ చూసి నవ్వుకున్నాడు.

4

ఈ రోజు తోట ఆఫీసు సూపర్‌వైజరు కామేశం వచ్చాడు. నేను గుంత దగ్గర మట్టి కప్పుతున్నాను. చెప్పుల చప్పుడు వినబడి నా దంతె ఆకు కుప్పలో దూర్చేసి ఇనుపది పట్టుకున్నాను. నా వాకిట్లో ఆగలేదు. తిన్నగా వరాలు ఇంటికి వెళ్లాడు.

వాళ్లిద్దరూ వెనక పెరట్లో చాలాసేపు ఉన్నారు. వరాలు అతనికి చెంబుతో నీళ్లిచ్చింది, పీట వేసింది. మాటలు వినబడలేదు. వెళ్లేటప్పుడు కామేశం నా వాటా గట్టు మీద నిలబడి కిందికీ పైకీ చూశాడు. నన్ను చూసి తల ఊపాడు. నేనూ ఊపాను.

అతను వెళ్లాక అడిగాను.

"ఏటటే?"

"నా రెక్క గురించి ఎవులో ఆఫీసులో సెప్పీసినారంట. ఊడవగలవా అనడిగాడు. బాగానే ఉన్నాదన్నాను."

"నమ్మినాడా?"

"నమ్మినట్టే ఉన్నాడు."

ఆ తరవాత తల నొప్పిగా ఉందని లోపలికి పోయింది. రోజూ సాయంత్రం గురువులుకి ఏదో ఒకటి వండి తెచ్చేది, ఈ రోజు రాలేదు. తల నొప్పి కదా అనుకున్నాను.

5

మైకులో పిలిచారు. వాటాల వాళ్లందరం పనిముట్ల షెడ్డు ముందుకి వెళ్లాం.

కామేశం చేతిలో నేను చేసిన దంతె ఉంది. నల్ల ట్యూబు చుట్టిన రెండో పిడి ఎండకి మెరుస్తోంది.

"మన ఎత్తుకొండకే పేరు తెచ్చే పని ఒకటి జరిగింది" అన్నాడు. "వరహాలమ్మ గారు సొంతంగా ఈ పనిముట్టు తయారుచేశారు. దీనితో ఒక్క మనిషి మూడు వాటాలు శుభ్రం చెయ్యగలరని మేం పరీక్షించి చూశాం. ఇకనుంచి అన్ని కొండలకీ ఇలాంటివే చేయిస్తాం. ఎలా వాడాలో వరహాలమ్మ గారే నేర్పిస్తారు."

చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టబోయి ఆగాను. వరాలు షెడ్డు స్తంభం పక్కన నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

ఆ తరవాత కలిపే వాటాల పేర్లు చదివాడు. మూడేసి వాటాలు ఒకటవుతాయి. ఖాళీ అయ్యే ఇళ్లని పట్నం నుంచి చల్లగాలి కోసం వచ్చేవాళ్లకి కేటాయిస్తారు. ఇళ్లు వదిలే వాళ్లని దిగువ గట్టుకి పంపుతారు.

"తవిటమ్మ వాటా, దాలినాయుడు వాటా, వరహాలమ్మ వాటాలో కలుస్తాయి."

చప్పట్లు ఎప్పుడు ఆగాయో తెలీదు. దిగువ గట్టు అంటే సగం కొండ కింద. అక్కడ గాలి మధ్యాహ్నానికే పొయ్యి దగ్గర కూర్చున్నట్టు ఉంటుంది.

ఇంటికొచ్చి గురువులుతో చెప్పాను. తాడు పేనడం ఆపలేదు.

"నీకు సెప్పకుండా వరాలప్ప సేసుండదు. తప్పు ఇనుంటావు" అన్నాడు.

6

పొద్దున్నే ఇళ్లు పోతున్న వాళ్లంతా వరాలు వాకిట్లో చేరారు. గోడ అవతల గొడవ వినబడుతోంది. ఎంత పని చేశావు, మేమేం ద్రోహం చేశాం నీకు, అని ఒక్కొక్కరూ అడుగుతున్నారు. అప్పుడు వరాలు గొంతు వినబడింది.

"నానేటి సేసినానమ్మా? నాకు దంతె సెయ్యడం వొచ్చా? సేసింది తవిటమ్మ. దాన్నడగండి."

షెడ్డు ముందు ఆ మాట అని ఉంటే ఎంత బాగుండేది. అక్కడ అది తన దంతె. ఇక్కడ నాది.

వాళ్లంతా మా వాకిట్లోకి వచ్చారు. దాలినాయుడు మామ ముందున్నాడు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. ఆ ఇంటి వెనకే ఆమెని పూడ్చాడు.

"నువ్వేనామ్మా సేసింది?"

"నానే మామా."

"ఎందుకు సేసినావు?"

"వరాలు రెక్క ఎత్తలేకపోతన్నాదని."

ఆయన నా బరకాన్ని, రిమ్ము కుట్టిన నోటినీ చూశాడు. చెయ్యి పెట్టి రిమ్ముని తిప్పి చూశాడు.

"బాగా సేసినావు" అన్నాడు. "ఒక రెక్క కోసం మా ఇళ్లన్నీ పోనాయి."

తిట్టి ఉంటే జవాబు చెప్పేదాన్ని. ఆయన తిట్టలేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోతే మిగిలిన వాళ్లూ వెళ్లిపోయారు. ఒక్కరు కూడా నన్ను నమ్మలేదు. నేనూ వరాలూ కలిసి ఆడిన నాటకం అనుకుంటున్నారు.

7

నీళ్ల కుళాయి దగ్గర వరాలుని పట్టుకున్నాను. బిందె వదిలి వెళ్లబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"నా మీదొట్టన్నావు."

బిందె నిండి పొర్లింది. అప్పుడు చెప్పింది.

"ఆ రోజు కామేశం బాబు నన్ను దింపీడానికే వొచ్చినాడు తవిటీ. కాయితం కూడా తెచ్చినాడు. బయమేసిపోయి దంతె సూపించినాను. ఇంతేనా, ఇంకా సెయ్యగలవా అన్నాడు. పక్క వాటాలు కూడా సేసీగలనన్నాను."

"పక్క వాటా అంటే ఎవులిదనుకున్నావు?"

కొంగుతో బిందె మూతి తుడిచింది.

"ముందు నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే సూపించొద్దంటావు."

అది నిజమే. అంటాను.

"గురువులు గేపకం రాలేదా నీకు?"

కుళాయి కట్టేసింది. బిందె ఎడమ చంకకి ఎత్తుకుంది. కుడి చెయ్యి ఇంకా పైకి లేవదు.

"వొచ్చినాడు" అంది. "వొచ్చినాడు తవిటీ. అయినా ఆ మాటే అన్నాను."

ఇంకేదైనా చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని. మరిచిపోయానని అబద్ధం చెప్పినా, ఎప్పటికైనా దాన్ని నమ్మడానికి ప్రయత్నించేదాన్ని. నా తమ్ముడి మొహం కళ్ల ముందుకొచ్చాక కూడా ఆ మాట అందట. లారీలో అటుకుల మూట ఇచ్చిన మనిషే.

8

ఆఫీసుకి వెళ్లాను. ఉతికిన చీర కట్టుకుని, నా దంతె పట్టుకుని వెళ్లాను.

కామేశం కూర్చోమన్నాడు. మర్యాదగానే ఉన్నాడు. దంతె చేసింది నేనని, పిడి ఎక్కడ బిగించాలో, వెదురు ఎలా వంచాలో అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"ఎవరు చేశారన్నది మాకు అవసరం లేదమ్మా" అన్నాడు. "ఎక్కువ వాటాలు ఎవరు చేస్తారన్నదే లెక్క. వరహాలమ్మ ముందుకొచ్చి మూడు చేస్తానంది. నువ్వేమంటావు?"

"నానైతే నాలుగు సేస్తాను బాబూ."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఆలోచించి అన్నది కాదు. దాన్ని దింపాలి, నా ఇల్లు నాకుండాలి, అంతే ఉంది మనసులో. కామేశం కలం తీశాడు.

"నాలుగా? అయితే వరహాలమ్మది, దాలినాయుడిది, నీదీ. నాలుగోది ఎవరి వాటా తీసుకుంటావు?"

కిటికీలోంచి మా వరస కనబడుతోంది. మా ఇంటికి ఇవతల పక్క కన్నతల్లి అనే మనిషి ఇల్లు. దాని కోడలు బాలింత. దండెం మీద చిన్న చిన్న గుడ్డలు ఆరేసి ఉన్నాయి. కామేశం కూడా అటే చూస్తున్నాడు. నేను చెప్పక్కర్లేదు, నా మౌనం చాలు. కలం కాగితం దాకా వెళ్లింది.

"కాదు బాబూ. నోరు జారింది. నాను సెయ్యలేను."

"ఆలోచించుకో. నీ తమ్ముడికి బాగోలేదని విన్నాను."

"సెయ్యలేను."

బయటికొచ్చాను. షెడ్డు గోడకి ఆనుకుని కూర్చున్నాను. వరాలు ఆ రోజు ఎలా అని ఉంటుందో తెలిసింది. ఎంత తేలిగ్గా వస్తుందో ఆ మాట. తెలిసినంత మాత్రాన కోపం తగ్గలేదు. నేను ఆగాను కదా. అది ఎందుకు ఆగలేదు?

గురువులుకి ఈ సంగతి చెప్పలేదు.

9

సామాను లారీలో వేశాం. దాలినాయుడు మామ రాలేదు. ఇంటి వెనక కూర్చుని ఉంటే ఇద్దరు మనుషులు చేతులు పట్టుకుని తీసుకొచ్చి ఎక్కించారు. నా పక్కన చోటున్నా అటు చివర కూర్చున్నాడు.

గురువులుని పరుపు మీద పడుకోబెట్టి, తడిగుడ్డ మొహం మీద కప్పి, పైన బరకం కట్టాను. లారీ కదిలే ముందు వరాలు పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో దంతె ఉంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మొహం పీక్కుపోయి ఉంది.

"రెండో పిడి వదులైపోనాది తవిటీ" అంది. "నొప్పి మళ్లీ మొదలైంది. ఇంత పెద్ద వాలు ఎలగ లాగను? ఓపాలి బిగించీసి ఎల్లు."

దంతె తీసుకుని చూశాను. పిడి పట్టిన చోట గొట్టం అరిగింది. కొద్ది రోజులుగా లాగుతున్న మూడింతల పని దానికి ఎక్కువైంది. కింద ఒక తోలు ముక్క వేసి బిగిస్తే ఆగుతుంది. తోలు ముక్క నా సంచిలో ఉంది. మర మేకు ఎటు తిప్పాలో కళ్లు మూసుకుని చెప్పగలను. వాటాలు పూర్తి కాకపోతే వరాలునీ దింపేస్తారని కూడా తెలుసు.

దంతె దాని చేతికిచ్చాను.

"నువ్వే సేసినావు కదా. నువ్వే బిగించుకో."

లారీ కదిలింది. మలుపు దాకా అది అక్కడే నిలబడి ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. సంతోషం కలుగుతుందేమోనని చూశాను.

10

దిగువ గట్టు. ఇక్కడ ఆకు ఇంకా ఎక్కువ. వేడికి ఎండి గలగలలాడుతుంది. తొందరగా ఎత్తకపోతే కాళ్ల కింద నలిగి పొడి లేస్తుంది. గురువులు పొద్దున్న బాగుంటాడు. ఎండ ముదిరాక మాట్లాడడు, తల ఊపుతాడు. డాక్టరు వారానికోసారి వస్తానన్నాడు. ఇంతవరకూ ఒక్కసారి వచ్చాడు.

నాకో దంతె చేసుకున్నాను. పిడి విప్పితే మామూలు గొట్టంలా కనిపించేలా చేశాను. మధ్యాహ్నం అందరూ ఎండకి లోపల చేరినప్పుడు తీస్తాను. మనుషులు తిరిగే వేళకి ఇనుప దంతెతో వంగి మెల్లగా లాగుతాను. మూలుగుతాను కూడా. వాటా సాయంత్రానికి పూర్తవుతుంది, అందరిదీ అయినప్పుడే.

పక్కింట్లో సింహాద్రమ్మ అని ఒక మనిషి ఉంది. నా ఈడుది. వచ్చిన రోజే కుండ నిండా నీళ్లు తెచ్చిచ్చింది. నిన్న గురువులుకి గంజి కాచి తెచ్చింది. గిన్నె అందుకుంటుంటే దాని అరచేతులు కనిపించాయి. బొబ్బలు పగిలి, వాటి మీద మళ్లీ బొబ్బలు లేచి, గుడ్డ పీలికలు చుట్టుకుని ఉంది.

అది వెళ్లాక గురువులు మాట కూడదీసుకున్నాడు.

"ఆవిడికొకటి సేసియ్యప్పా."

"ఇయ్యను."

"ఆవిడేటి సేసింది?"

"ఏటీ సెయ్యలేదు."

గంజి తాగడం మానేసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఈ రోజు గుంత దగ్గర సింహాద్రమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. మట్టి చేతులు నీళ్లలో ముంచి పళ్లు బిగపట్టింది. కాసేపయ్యాక నా చేతుల వైపు చూసింది.

"నువ్వూ నాలాగే లాగుతావు కదమ్మా" అంది. "నీ సేతులకి ఒక్క బొబ్బా లేదేటి?"

అడగడంలో అనుమానం లేదు. తెలుసుకుందామని అడిగింది, అంతే. నేను చేతులు కొంగులో చుట్టుకున్నాను.

"అలవాటు" అన్నాను.